కెమెరాకు మార్కులేస్తాం సరే, పోతే దొరుకుతుందా అని ఎవరు చూస్తున్నారు?

ఫోన్ రివ్యూ అంటే మన దగ్గర ఒక లెక్క ఉంది. డిస్‌ప్లే ఎన్ని నిట్స్, ఛార్జింగ్ ఎన్ని వాట్స్, గేమ్‌లో ఎన్ని ఫ్రేమ్స్, నైట్ మోడ్‌లో ఫోటో ఎలా వచ్చింది. అన్నిటికీ మార్కులుంటాయి. కానీ మన ఇళ్లల్లో ప్రతి ఫోన్‌కీ రోజూ జరిగే పరీక్ష ఇంకొకటుంది. దానికి ఏ రివ్యూలోనూ కాలమ్ ఉండదు. అదే "నా సెల్లు యాడ పెట్నారు?" అనే పరీక్ష.

నవ్వొస్తే నవ్వండి, కానీ విషయం సీరియస్సే. ఫోన్ పోయింది అనగానే మనకు దొంగ గుర్తొస్తాడు. కంపెనీలు కూడా ఎక్కువగా దొంగను దృష్టిలో పెట్టుకునే ఫీచర్లు తయారుచేస్తున్నాయి. ఇంట్లో మాత్రం ఫోన్ దొంగ చేతిలో పోదు, మనుషుల మధ్యలో పోతుంది. అమ్మ ఫోన్ కార్టూన్ల కోసం పిల్లోడు తీసుకుంటాడు. వాడి దగ్గర్నుంచి వాళ్లక్క లాక్కుంటుంది. ఛార్జింగ్ అయిపోయిందని చిన్నాయన తీసుకెళ్లి ఏదో ప్లగ్గుకి పెడతాడు. ఆ ప్లగ్గు మిక్సీకి కావాలని ఇంకెవరో పీకి పక్కన పెడతారు. సాయంత్రానికి ఆ ఫోన్ యాడుందో దేవుడికే తెలియాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. మన ఇళ్లల్లో ఫోన్ అందరిదీ, అందులో ఉన్న అకౌంట్ మాత్రం ఎవరిదీ కాదు. ఆ రెండోది సరిచెయ్యనంత కాలం ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా, ఎన్ని ట్యాగులు తగిలించినా ఉపయోగం తక్కువే.

ఆళ్లగడ్డలో మాయం, నంద్యాలలో ప్రత్యక్షం

మాది నంద్యాల. బీటెక్ అయ్యాక నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మొన్నామధ్య మా బంధువుల పెళ్లి ఆళ్లగడ్డలో జరిగింది. అమ్మాయి వాళ్లది ఆళ్లగడ్డ, అబ్బాయి వాళ్లది నంద్యాల. హైవే మీద శిరివెళ్ళ దాటుకుని పోతే నలభై కిలోమీటర్ల పైచిలుకు.

పెళ్లిపీటల దగ్గర ఫోన్ మోగిందని పంతులుగారు ఒక చూపు చూసేసరికి అమ్మ దాన్ని సైలెంట్‌లో పెట్టేసింది. తర్వాత తలంబ్రాల ఫోటోలు తియ్యమని ఎవరికో ఇచ్చింది. మధ్యాహ్నం బంతి లేచేసరికి ఫోన్ లేదు. కాల్ చేస్తే రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఒక పక్క మేళం, ఇంకో పక్క జనరేటర్. సైలెంట్‌లో ఉన్న ఫోన్ వైబ్రేషన్ ఎవరికి వినపడుతుంది?

"నేను చూడలేదత్తా, బుజ్జిదానికిచ్చినా."

"నాకాడ లేదు. పెద్దమ్మ సంచిలో ఏసినా అంటివి కదా?"

"నా సంచిలో పసుపు కుంకుమ తప్ప ఏం లేవు మ్మా, కావాలంటే చూసుకో."

నలుగురు నాలుగు చోట్లు చెప్పారు. నేను ఫైండ్ హబ్ ఓపెన్ చేసి, "మ్మా, నీ జీమెయిల్ ఏది?" అని అడిగా. "అదేందిరా? కొన్నప్పుడు షాపు పిల్లోడే ఏదో కొట్టిచ్చినాడు" అంది. అంతే, అక్కడితో కథ ఆగిపోయింది. ఆ పిల్లోడు సెటప్ తొందరగా అయిపోవాలని అప్పటికప్పుడు ఒక మెయిల్ ఐడీ సృష్టించాడు. పాస్‌వర్డ్ ఏంటో అమ్మకు చెప్పలేదు, కాగితం మీద రాసివ్వలేదు.

నాన్నకు డబ్బుల భయం. అమ్మ బ్యాంకు ఓటీపీలు, గ్రూపు లోన్ మెసేజులు, ఆధార్‌కి లింకైన నంబరు, అన్నీ అందులోనే. అమ్మ బాధ వేరు. "డబ్బులు పోతే పోనీ, మా నాయన మాటలున్నాయి రా దాంట్లో" అంది. తాత పోకముందు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజులవి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ వెళ్లేది గూగుల్ అకౌంట్‌లోకే. ఆ అకౌంట్ ఏదో తెలియకపోతే బ్యాకప్ ఉందో లేదో కూడా తెలియదు. ఫోన్ కొత్తది కొనొచ్చు, ఆ గొంతు మళ్లీ యాడ కొనాలి?

ఫోన్ మరుసటి రోజు పొద్దున దొరికింది. ఆళ్లగడ్డలో కాదు, నంద్యాలలో. పెళ్లికూతురి ఒడిబియ్యం మూట విప్పితే బియ్యంలో ఉంది. బ్యాటరీ ఇంకో కాసేపట్లో అయిపోయేలా ఉంది. మూట కట్టేటప్పుడు ఎవరి చేతిలోంచో జారిందన్నమాట. అకౌంట్ మా చేతిలో ఉండుంటే మ్యాప్‌లో చుక్క శిరివెళ్ళ దాటి నంద్యాల వైపు పోవడం కనిపించేది. పెళ్లికూతురి కారులో ఉందని ఒక్క నిమిషంలో తేలిపోయేది. రాత్రంతా అమ్మ నిద్ర మానుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

ఫీచర్ ఉంది, మన ఇంటికి సెట్ చేసి లేదు

గూగుల్ ఫైండ్ మై డివైస్ పేరు 2025లో ఫైండ్ హబ్‌గా మారింది. ఇంట్లో పోయే ఫోన్‌కి ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది మ్యాప్ కాదు, ప్లే సౌండ్ బటన్. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా, వైబ్రేట్‌లో ఉన్నా ఫుల్ వాల్యూమ్‌లో 5 నిమిషాలు మోగిస్తుంది. మామూలు కాల్ చెయ్యలేని పని ఇది. ఇంట్లో రెండు గదుల మధ్య తేడా మ్యాప్‌లో కనపడదు, సౌండ్ అయితే బీరువాలోంచి కూడా వినపడుతుంది. కాకపోతే ఫోన్ ఆన్‌లో ఉండాలి, నెట్ ఉండాలి, అకౌంట్ లాగిన్ అయి ఉండాలి, ఆ లాగిన్ వివరాలు మనకు తెలిసుండాలి. మొదటి మూడూ మన ఇళ్లల్లో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. దెబ్బ తినేది నాలుగో దాని దగ్గరే.

నెట్ లేనప్పుడు పనిచేసే ఆఫ్‌లైన్ నెట్‌వర్క్ కూడా ఉంది. 2024లో మొదలైంది. చుట్టుపక్కల ఉన్న వేరే ఆండ్రాయిడ్ ఫోన్లు బ్లూటూత్‌తో మన ఫోన్‌ని గుర్తించి లొకేషన్ పంపిస్తాయి. ఇక్కడ రెండు మెలికలున్నాయి.

మొదటిది, ఫోన్‌కి స్క్రీన్ లాక్ ఉండాలి. లొకేషన్ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం ఆ పిన్‌తో ముడిపడి ఉంది. "నాకెందుకురా లాకులు, మర్చిపోతా" అనే అమ్మల ఫోన్లు అక్కడే అవుట్.

రెండోది, సెట్టింగ్ డిఫాల్ట్‌గా "జనం ఎక్కువ తిరిగే చోట్ల మాత్రమే" అనే ఆప్షన్ మీద ఉంటుంది. అంటే ఒకటికంటే ఎక్కువ ఫోన్లు మన ఫోన్‌ని గమనిస్తేనే లొకేషన్ చూపిస్తుంది. ప్రైవసీ కోసం పెట్టారు, కారణం మంచిదే. ఎయిర్‌పోర్టులోనో, నంద్యాల శ్రీనివాస సెంటర్‌లోనో ఇది బాగానే పనిచేయొచ్చు. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో, కల్లంలోనో చేను గట్టు మీదో పడిపోయిన ఫోన్ పక్కనుంచి ఎన్ని ఫోన్లు పోతాయి? అందుకే ఊళ్లల్లో ఉండేవాళ్ల ఫోన్లలో దీన్ని "అన్ని ప్రాంతాల్లో" అనే ఆప్షన్‌కి మార్చాలి. ఫైండ్ హబ్ సెట్టింగ్స్‌లో రెండు ట్యాప్‌ల పని.

ఐఫోన్ వాళ్లకు ఈ విషయంలో కొంచెం సుఖం. ఫ్యామిలీ షేరింగ్ పెట్టుకుంటే ఒకరి ఫోన్ ఇంకొకరి ఫైండ్ మైలో కనపడేలా చేసుకోవచ్చు. ఐఓఎస్ 15 నుంచి, సపోర్ట్ ఉన్న మోడళ్లలో, స్విచాఫ్ అయిన తర్వాత కూడా కొంతసేపు కనిపెట్టొచ్చు. ఆండ్రాయిడ్‌లో పిక్సెల్ 8 నుంచి ఇలాంటి సౌకర్యం వచ్చింది. కానీ మన ఇళ్లల్లో అమ్మల చేతిలో ఉండేవి ఆ ఫోన్లు కాదు కదా. పది పన్నెండు వేల ఫోన్, లేదంటే కొడుకు కొత్తది కొనుక్కుని ఇచ్చేసిన పాతది.

చప్పట్లు కొడితే మోగే యాప్‌లు ప్లే స్టోర్‌లో బోలెడున్నాయి. నేనైతే వద్దంటా. అవి పనిచెయ్యాలంటే మైక్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పైగా బ్యాటరీ ఖర్చు, యాడ్స్ గోల. పెళ్లింట్లో చప్పట్లకేం తక్కువ, తలంబ్రాల దగ్గర్నుంచీ మోగుతూనే ఉంటుంది. స్మార్ట్‌వాచ్‌లోని ఫైండ్ ఫోన్ బటన్ ఇంటి వరకు బాగానే పనిచేస్తుంది కానీ బ్లూటూత్ దూరం దాటితే అంతే సంగతులు.

సిమ్ ఎప్పుడు బ్లాక్ చెయ్యాలి?

పెళ్లింట్లో అప్పుడు పెద్ద చర్చ నడిచింది. మా చిన్నాయన "ముందు సిమ్ బ్లాక్ చేయించండి" అన్నాడు. మామ "పోలీస్ స్టేషన్‌కి పోదాం" అన్నాడు. ఇద్దరూ మంచికే చెప్పారు, కానీ ఏది ముందు చెయ్యాలన్నది ముఖ్యం.

సిమ్ బ్లాక్ చేస్తే మనం మళ్లీ ఆ ఫోన్‌కి కాల్ చెయ్యలేం. మొబైల్ డేటా కూడా పోతుంది కాబట్టి వైఫై లేని చోట ఫైండ్ హబ్ కమాండ్లు దానికి చేరవు. బియ్యం మూటలో ఉన్న ఫోన్‌ని మన చేతులారా మనమే మూగదాన్ని చేసినట్టు. అందుకని ఫోన్ ఇంకా రింగవుతూ ఉంటే, ఇంట్లోనో ఫంక్షన్‌లోనో పోయిందని గట్టి అనుమానం ఉంటే, ముందు ప్లే సౌండ్, తర్వాత లొకేషన్, తర్వాత రిమోట్‌గా లాక్. ఆ లాక్ స్క్రీన్ మీద ఇంకో నంబరు చూపించేలా పెట్టొచ్చు, దొరికినవాళ్లు ఫోన్ చేస్తారు.

బస్టాండులోనో, సంతలోనో పోయి, కాల్ చేసిన వెంటనే స్విచాఫ్ అయిందంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ఆలస్యం చెయ్యొద్దు. సిమ్ బ్లాక్, బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ ఆపించడం, రెండూ వెంటనే జరగాలి. యూపీఐ లైట్‌లో ఒక్కో పేమెంట్ 1,000 రూపాయల వరకు పిన్ లేకుండానే పోతుంది. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు. స్క్రీన్ లాక్ లేని ఫోన్‌లో అది జేబులో పెట్టుకున్న నోట్లతో సమానం. డబ్బు నిజంగానే పోయిందని తెలిస్తే 1930కి కాల్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

తర్వాతే సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో దీన్ని దేశమంతా అందుబాటులోకి తెచ్చింది. పోలీస్ కంప్లైంట్ కాపీ, ఐఎంఈఐ నంబరు ఇస్తే ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచెయ్యకుండా బ్లాక్ చేస్తారు. ఎవరైనా వేరే సిమ్ వేసి వాడబోతే పోలీసులకు ఆచూకీ తెలుస్తుంది. మన రాష్ట్రంలో జిల్లాల పోలీసులు అప్పుడప్పుడు పోయిన ఫోన్లను వరుసగా బల్ల మీద పెట్టి యజమానులకు అప్పగించడం పేపర్లో చూస్తుంటాం కదా, అందులో ఈ సిస్టమ్ పాత్ర ఉంది. దొరికాక అదే పోర్టల్‌లో అన్‌బ్లాక్ చేసుకోవాలి.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రిక్వెస్ట్ పెట్టేటప్పుడు ఓటీపీ కోసం పోయిన నంబరుకే డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్ యాక్టివేట్ అయ్యాక 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, మోసాలు జరగకుండా పెట్టిన రూల్ అది. అంటే ఆ ఒక్క రోజూ బ్యాంకు ఓటీపీ కూడా రాదు. ఇంట్లో అందరి అకౌంట్లకూ అమ్మ నంబరే ఇచ్చిన కుటుంబానికి ఆ 24 గంటలు ఎట్లుంటాయో ఆలోచించండి. కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజో, ఆస్పత్రి బిల్లు కట్టాల్సిన రోజో అయితే?

అలాగని పాస్‌వర్డ్ కొడుకు దగ్గరుండాలా?

ఇక్కడ చాలామంది టెక్ తెలిసిన పిల్లలు చెప్పే పరిష్కారం ఒకటుంది. "అమ్మ ఫోన్‌లో నా జీమెయిల్ వేసేస్తా, నేనే చూసుకుంటా." ఇది నాకు నచ్చదు.

ఒకటి, నీ మెయిల్ వేస్తే నీ ఫోటోలు, కాంటాక్టులు, నువ్వు చూసిన వీడియోలు అన్నీ ఆ ఫోన్‌లోకి పోతాయి. ఆమెవి నీ ఫోన్‌లోకి వస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. లొకేషన్, అకౌంట్ ఇంకొకరి చేతిలో ఉంటే అది కాపలా కింద మారడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇవాళ ఫోన్ వెతకడానికి చూస్తాం. రేపు "మధ్యాహ్నం యాడికి పోయినావు?" అని అడగడానికి చూస్తాం. అమ్మైనా, అక్కైనా, కొత్తగా ఇంటికొచ్చిన వదినైనా, వాళ్ల ఫోన్ వాళ్లదే. కాలేజీకి పోయే చెల్లెలి ఫోన్‌లో అన్న అకౌంట్ ఎందుకుంటుందో మనందరికీ తెలుసు, తెలియనట్టు నటించాల్సిన పని లేదు.

దేశం స్థాయిలో కూడా ఇదే జరిగింది. 2025 చివర్లో ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ యాప్ ముందే ఇన్‌స్టాల్ చేసి ఉండాలని కేంద్రం కంపెనీలకు చెప్పింది. ప్రైవసీ మాటేంటని గట్టిగా అభ్యంతరాలొచ్చాయి. కొద్ది రోజుల్లోనే ఆ నిబంధన వెనక్కి తీసుకున్నారు. యాప్ పనికిరానిదని కాదు జనం ఒప్పుకోనిది. నా ఫోన్‌లో ఏముండాలో నేను చెప్పాలి అన్నారు. ఢిల్లీకి మనం చెప్పిన ఆ మాటే అమ్మ మనకు చెప్తే వినాలి కదా?

కాబట్టి సరైన పద్ధతి, అకౌంట్ ఆమె పేరు మీదే, ఆమె గుర్తుపెట్టుకోగల పాస్‌వర్డ్‌తో ఉండాలి. సాయం మాత్రం ఇంట్లోవాళ్లది. దీనికి 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన రికవరీ కాంటాక్ట్స్ ఫీచర్ బాగా సరిపోతుంది. నమ్మకమైన మనుషులను అకౌంట్‌లో చేర్చుకుంటే, లాకౌట్ అయినప్పుడు వాళ్లు తమ ఫోన్ నుంచి "అవును, ఈమే" అని నిర్ధారిస్తారు. అంతేకానీ వాళ్లకు అకౌంట్ లోపలికి పోయే దారి ఉండదు. ఫోన్ నంబరుతో పనిచేసే రిమోట్ లాక్ కూడా ఉంది. ముందే ఆన్ చేసి పెట్టుకుంటే, జీమెయిల్ గుర్తులేకపోయినా ఎవరి ఫోన్‌లోంచైనా నంబరు కొట్టి స్క్రీన్ లాక్ చెయ్యొచ్చు. అమ్మకు మెయిల్ ఐడీ గుర్తుండదు, నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

రివ్యూల్లో ఒక కొత్త కాలమ్

ఇక మన రివ్యూ ప్రపంచానికి నా డిమాండ్. ప్రతి బడ్జెట్ ఫోన్‌కీ "పోతే దొరుకుతుందా" అని ఒక కాలమ్ పెట్టండి. అందులో నాలుగు టెస్టులు చాలు.

ఒకటి, సైలెంట్‌లో పెట్టి, దుప్పట్ల కింద దాచి, ప్లే సౌండ్ కొడితే పక్కగదిలోకి వినపడుతుందా? స్పీకర్ మార్కులు పాటలకే ఎందుకు, దీనికీ వెయ్యండి. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే షెడ్ల పక్కన ఇల్లుంటే కటింగ్ మిషన్ మోతలో కూడా వినపడాలి.

రెండు, స్విచాఫ్ అయ్యాక కనిపెట్టే సౌకర్యం ఉందా, లేదా? స్పెక్ షీట్‌లో ఉందా లేదా అన్నది ఒక్క లైన్ పని.

మూడు, ఫోన్ భాష తెలుగులో పెట్టినప్పుడు ఈ సెట్టింగులు అర్థమయ్యేలా ఉన్నాయా? ఎన్ని మెనూల లోపల దాచారు?

నాలుగు, టెక్నాలజీతో పెద్దగా పరిచయం లేని యాభై ఏళ్ల మనిషి చేతికి ఇంకొకరి ఫోన్ ఇచ్చి, తన ఫోన్ లాక్ చెయ్యమంటే ఎన్ని నిమిషాలు పట్టింది? బెంచ్‌మార్క్ స్కోర్ కంటే మా అమ్మకు ఈ నంబరే ముఖ్యం.

షాపులవాళ్లకూ ఒక మాట. సంజీవనగర్‌లోనైనా, ఆళ్లగడ్డ బజార్లోనైనా ఫోన్ అమ్మేటప్పుడు టెంపర్డ్ గ్లాస్, పౌచ్ ఫ్రీగా ఇస్తున్నారు. సంతోషం. దాంతోపాటు మెయిల్ ఐడీ, ఐఎంఈఐ రాసిన ఒక చిన్న కార్డు చేతిలో పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం కొన్న మనిషి చేతే టైప్ చేయించండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఎవరికీ తెలియని అకౌంట్‌తో ఫోన్ అమ్మడమంటే తాళంచెవి లేకుండా బీరువా అమ్మడమే. రేపు దాన్ని రీసెట్ చేస్తే పాత అకౌంట్ అడుగుతుంది. అప్పుడు ఫోన్ చేతిలోనే ఉన్నా పోయినట్టే.

మిగిలింది మన పని. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు అమ్మ పక్కన అరగంట కూర్చోండి. ఫోన్‌లో ఏ అకౌంట్ ఉందో ఇద్దరూ కలిసి చూడండి. తెలియని అకౌంట్ అయితే ముందు ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ చూసుకుని, ఆమె పేరు మీద కొత్తది పెట్టి అందులోకి మార్చండి. స్క్రీన్ లాక్ పెట్టించండి. ఫైండ్ హబ్‌ని "అన్ని ప్రాంతాల్లో"కి మార్చండి. రిమోట్ లాక్ ఆన్ చెయ్యండి. *#06# కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని, డ్యూయల్ సిమ్ అయితే రెండింటినీ, క్యాలెండర్ వెనకో రేషన్ కార్డు కవర్ మీదో రాయండి. చివరగా, మీ ఫోన్‌లో గెస్ట్‌గా లాగిన్ అయి ప్లే సౌండ్ ఎలా కొట్టాలో ఆమె చేతే ఒకసారి చేయించండి. మీరు చేసి చూపించడం కాదు, ఆమె చెయ్యాలి. తర్వాతిసారి ఫోన్ పోయినప్పుడు మీరు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో మీటింగ్‌లో ఉంటారు. ఇంట్లో ఉండేది ఆమే.